ముందు కుట్టు విప్పండి, తర్వాతే కత్తెర

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు పాత బట్టల గురించే. తిరుపతి బైరాగిపట్టెడలో 30 ఏళ్ళకు పైగా మిషను మీద కూర్చున్నదాన్ని. కొత్త గుడ్డ కుట్టడంలో ఎప్పుడూ లేని తృప్తి నాకు పాత గుడ్డలో దొరికింది. అందుకే ఈసారి కొన్ని జవాబులు పొడుగ్గానే రాశాను.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది చిత్తూరు. నా పెళ్ళికి కంచిలో తీసుకున్న మెరూన్ పట్టుచీర 14 ఏళ్ళుగా బీరువాలోనే ఉంది. మొన్న తీసి చూస్తే మడతల దగ్గర బ్లేడుతో గీసినట్టు చిరుగులు. అంచు మాత్రం కొత్తదానిలాగే ఉంది. మా పాపకు ఏడేళ్ళు. దీంతో పట్టుపావడ నేనే కుట్టుకోవచ్చా? ఇంట్లో మిషను ఉంది, జాకెట్లు కుట్టడం వచ్చు.

జవాబు: జాకెట్టు కుట్టే చేతికి పావడ పెద్ద పని కాదు తల్లీ. చీరలో ఎంత బతికి ఉందో తెలుసుకోవడమే అసలు పని. దానికి తొందరపడకండి.

పగటిపూట ఇద్దరు నిలబడి చీరను కిటికీకి అడ్డంగా పట్టుకోండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపించిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ తర్వాత రెండు బొటనవేళ్ళు పక్కపక్కన ఆనించి గుడ్డను మెల్లగా అటూ ఇటూ లాగి చూడండి. 'చిర్' మన్న చోటు పోయినట్టే లెక్క, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడే విరుగుతుంది, జరీ ఉన్న చోట ఇంకా తొందరగా. కొంగులో భుజం మీద పిన్ను పెట్టే చోటు కూడా సామాన్యంగా బలహీనంగానే ఉంటుంది. మీరు పెళ్ళి తర్వాత పెద్దగా కట్టలేదు కాబట్టి నడుము చుట్టూ తిరిగే మొదటి చుట్టు బాగుండాలి. వెతకడం అక్కడ మొదలుపెట్టండి.

ఐదున్నర మీటర్ల చీరలో మీకు కావలసింది రెండున్నర మీటర్లే. అంటే దాదాపు 98 అంగుళాలు. ఏడేళ్ళ పిల్ల నడుము 22 అంగుళాలు అనుకుంటే నాలుగు రెట్లకు పైనే కుచ్చు వస్తుంది. అది చాలా నిండు. రెండున్నర మీటర్లు ఒకే ముక్కగా దొరక్కపోయినా బాధపడొద్దు. చిరిగిన భాగాన్ని నిలువుగా తీసేసి, రెండు ముక్కలు అంచుకు అంచు సరిగ్గా కలిసేలా అతకండి. ఆ అతుకు కుచ్చు మడత లోపలికి పోయేలా చూసుకోండి. మా వీధిలో అట్లా మూడు అతుకులున్న పావడ ఒకటి పెళ్ళిపందిట్లో తిరిగింది. ఒక్కరూ కనిపెట్టలేదు.

పొడవు లెక్క వినండి. నడుము నుంచి చీలమండ దాకా 26 అంగుళాలు అనుకుందాం. లోపలికి ఒక్కో అంగుళం లోతున రెండు మడతలు వేయండి. అంగుళం మడతకు రెండంగుళాల గుడ్డ పడుతుంది కాబట్టి నాలుగు అంగుళాలు. నడుము కుట్టుకు ఒకటి. మొత్తం 31. చీర పన్నా, అంటే వెడల్పు, 46 అంగుళాలు ఉంటే పైన ఇంకో 15 అంగుళాల పట్టీ రెండో అంచుతో సహా మిగులుతుంది. జాకెట్టు చేతులకు ఆ అంచు పెట్టండి. పిల్ల ఎదిగే కొద్దీ ఏడాదికో మడత విప్పుకుంటూ పోతే పావడ మూడేళ్ళు నడుస్తుంది. మా అమ్మ మా అక్కచెల్లెళ్ళకు అట్లాగే కుట్టేది. విప్పిన చోట సన్నటి గీత మిగిలేది. దాన్ని చూసి ఎవరు ఎంత ఎదిగారో లెక్కపెట్టుకునేవాళ్ళం.

పావడను నడుము దగ్గర నాడాతో బిగించొద్దు. పట్టు బరువంతా నడుము కుట్టు మీద పడి అక్కడే తెగుతుంది. తెల్ల నూలు గుడ్డతో చేతుల్లేని బాడీ కుట్టి పావడను దానికి అతకండి. అప్పుడు బరువు భుజాలు మోస్తాయి, పిల్లకూ నడుము ఒరుసుకోదు. పట్టు వెనకంతా మల్లు గుడ్డ (పల్చటి నూలు గుడ్డ) లైనింగు తప్పనిసరి. పట్టునూ లైనింగునూ ముందే కచ్చా కుట్టుతో (తర్వాత విప్పేసే పొడుగు చేతికుట్టు) కలిపి, ఆ రెండూ ఒకే గుడ్డ అన్నట్టు కుట్టండి.

లైనింగు దగ్గర ఒక మాట. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో పక్కింటి పాపకు వాళ్ళ అవ్వ కట్టిన వెంకటగిరి నూలు చీరతో పావడ కుట్టాను. లేత గంధం రంగు, సన్న జరీ. లైనింగు గుడ్డ అంగట్లోంచి తెచ్చింది తెచ్చినట్టే వేశాను. ఉగాదికి తొడిగితే ముచ్చటగా ఉంది. మొదటి ఉతుకుకే లైనింగు కుంచించుకుపోయి పావడ అడుగంతా ముడతలు పడి పైకి లేచింది. ఆ అవ్వ ఒక్క మాటా అనలేదు. పావడను ఒళ్ళో పెట్టుకుని చేత్తో ఆ ముడతలు సాపు చేస్తూ కూర్చుంది. నేను మళ్ళీ అంతా విప్పి కొత్త లైనింగు వేసి ఇచ్చాను గానీ ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. పాత చీర ఎప్పుడో కుంచించుకుని ఊరుకుంటుంది. కొత్త లైనింగు అట్లా కాదు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి.

11 నంబరు సూది, కొత్తది, వేయండి. మొద్దు సూది పట్టు పోగుల్ని లాగేస్తుంది. కుట్టు కాస్త పొడుగ్గా పెట్టండి. దగ్గర దగ్గర కుట్లు పడితే పాత పట్టు తపాలా బిళ్ళ అంచులా చిల్లులు పడి అక్కడే ఊడుతుంది. ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన పల్చటి నూలు గుడ్డ వేసి చేయండి.

వీధిలో పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళకు మిగతా ముక్క ఇచ్చే ముందు జరీ పోగు ఒకటి గోటితో గీకి చూడండి. లోపల ఎర్ర పట్టుదారం కనిపిస్తే అది వెండి తీగ చుట్టిన మంచి జరీ కావచ్చు. వెండి ధర తెలుసుకోకుండా ఇవ్వకండి.

ప్రశ్న: అక్కా, నేను పుత్తూరులో టీచరుగా పనిచేస్తున్నాను. నా చొక్కాలన్నీ కాలరు దగ్గరే పోతున్నాయి, మిగతా చొక్కా బాగానే ఉంటోంది. పారేయాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: పారేయకండి, కాలరు తిప్పండి. మన పెద్దల కాలంలో ప్రతి దర్జీకీ తెలిసిన పని ఇది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేక మరుగున పడింది.

కాలరు కింద పట్టీ ఉంటుంది చూశారా, ఆ రెంటినీ కలిపే కుట్టు ఒక్కటే విప్పాలి. పట్టీని మెడ నుంచి విప్పొద్దు. ఒకవైపు నుంచి మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున బ్లేడు మొనతో తెంపుకుంటూ వెళ్ళి, చొక్కా తిప్పి రెండోవైపు దారం లాగితే మొత్తం ఒకే పోగుగా వచ్చేస్తుంది. గుడ్డ దెబ్బతినదు. విప్పే ముందే కాలరు నడిమధ్యా పట్టీ నడిమధ్యా రంగు దారంతో చిన్న ముడి వేసి పెట్టుకోండి. ఇది మరిచిపోతే కాలరు ఒకవైపుకు పోతుంది. తర్వాత కాలరును అటుదిటు తిప్పండి. ఇన్నాళ్ళూ కిందికి దాక్కున్న వైపు పైకి వస్తుంది, మాసిపోకుండా కొత్తగా ఉంటుంది. రెండు ముడులూ కలిపి కచ్చా కుట్టు వేసి, పాత చిల్లుల మీదనే మిషను కుట్టు నడపండి. చిరిగిన వైపు మెడ మడత కిందికి వెళ్ళిపోతుంది. 14 నంబరు సూది సరిపోతుంది. చొక్కా కొంచెం పసుపు తిరిగి ఉంటే పాలతెల్లటి దారం వాడొద్దు, అర తెలుపు దారం వాడండి. కాలరు మొనలకు గుండీలుండే చొక్కాలకు మాత్రం ఇది కుదరదు, కాజాలు అడ్డొస్తాయి.

మీ ఇంట్లో కుట్టేవాళ్ళు లేకపోతే మీరే నేర్చుకోండి. ఒక ఆదివారం పొద్దున చాలు.

ప్రశ్న: పలమనేరు నుంచి రాస్తున్నాను మేడమ్. ఇంట్లో పాత సింథటిక్ చీరలు 20 దాకా ఉన్నాయి. వంటింటి గుడ్డలు, ఏప్రన్లు, నైటీలు కుట్టి చుట్టుపక్కలవాళ్ళకు అమ్ముదామని ఆలోచన. మీ సలహా?

జవాబు: నైటీలు పొయ్యి దగ్గర వేసుకోనివైతే సరే. వంటింటి గుడ్డలు, ఏప్రన్లు మాత్రం వద్దమ్మా. సింథటిక్ గుడ్డ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దానితో వేడి గిన్నె పట్టుకోవడం కూడా ప్రమాదమే.

ఏ చీర ఏదో తెలియకపోతే ఆరుబయట, పక్కన నీళ్ళు పెట్టుకుని, పటకారుతో నాలుగు పోగులు పట్టి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టరు. ఈ మూడు గుర్తుంటే చాలు. నైటీకి కూడా నూలు ఎంత కలిసి ఉంటే అంత మేలు, మన ఎండలకు పాలిస్టరు ఉక్కపోత తట్టుకోలేరు. మీ చీరలతో కూరగాయల సంచులు కుట్టండి. బరువు మోస్తాయి, ఉతికితే నిమిషాల్లో ఆరతాయి, మడిస్తే గుప్పిట్లో పడతాయి. రెండు పొరలు వేసి, చేతిపట్టీ దగ్గర నాలుగు పలకల కుట్టు వేసి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టండి. సంచి ఎప్పుడూ ఊడేది అక్కడే.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అమ్మ దాచుకున్న కలంకారీ దుప్పట్టా అంచుల్లో చినిగింది. మధ్యలో అమ్మవారి బొమ్మ చెక్కుచెదరలేదు. సోఫా కుషన్ కుడదామంటే మా అత్త వద్దంటున్నారు.

జవాబు: మీ అత్తగారి పక్షమే నేను. దేవుడి బొమ్మ మీద కూర్చోవడం, కాళ్ళు చాపడం మనకు పొసగదు. అంతకన్నా ముందు, ఆ గుడ్డ చేసినవాళ్ళ కష్టం తలుచుకోండి. మీ ఊళ్ళో కలంకారీ అంటే అచ్చు పని కాదు, అది పెడన వైపు పని. మీది కలంతో చేత్తో గీసేది. గుడ్డను కరక్కాయ, పాలల్లో ముంచి ఆరబెట్టి, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నల్లగీత గీసి, ఒక్కో రంగుకు ఒక్కోసారి ఉతికి ఆరేసి చేసింది. దాని మీద కత్తెర ఎక్కడ పడాలో పదిసార్లు ఆలోచించాలి.

బొమ్మ చుట్టూ నాలుగేసి అంగుళాలు వదిలి కత్తిరించి, ముతక నూలు గుడ్డ మీద పెట్టి అంచులు లోపలికి మడిచి చేతికుట్టుతో అతకండి. పైన వెదురు కర్ర దూరే మడత వేస్తే పూజగదిలో గోడకు వేలాడుతుంది. ముఖం మీదుగా గానీ చేతుల మీదుగా గానీ కుట్టు పోనివ్వొద్దు. ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి. అంచుల్లో మిగిలిన తీగలూ పూలూ జాకెట్టు చేతులకు చక్కగా వస్తాయి. ఉతకాల్సి వస్తే విడిగా, చన్నీళ్ళలో, నీడన ఆరేయండి.

ప్రశ్న: అక్కా, మేము తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. మా వాడికి ఎనిమిదేళ్ళు. గంగమ్మ జాతరకు ఆడవేషం వేయిస్తానని మొక్కుకున్నాను. ఒక్కరోజు వేషానికి కొత్త బట్టలు కొనాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. తాతయ్యగుంట గంగమ్మకు కావలసింది మొక్కు తీరడమే. మీ అత్తదో అమ్మదో ఉతికిన నూలు చీర తీసుకోండి. మే నెల ఎండలో పిల్లాడు జార్జెట్టుతో అల్లాడిపోతాడు.

చీరను కత్తిరించొద్దు. పిల్లాడి నడుము నుంచి పాదం దాకా కొలిచి, దానికన్నా రెండంగుళాలు తక్కువ ఉండేలా చీర పై భాగాన్ని పొడుగునా లోపలికి మడవండి. ఎనిమిదేళ్ళవాడికి 28 అంగుళాలు వచ్చిందనుకోండి, చీర ఎత్తు 26కు రావాలి. ఆ మడత పైన నాడా దూరేటట్టు ఒక వరుస పొడుగు కుట్టు. కుచ్చిళ్ళు ఏడెనిమిది పెట్టి పైన ఆరంగుళాల దాకా కచ్చా కుట్టు. కొంగు భుజం మీద మడతలు పెట్టి అక్కడొక టాకా. ఇంతే. నాడా బిగిస్తే రెండు నిమిషాల్లో చీర కట్టినట్టే ఉంటుంది, గుంపులో ఊడదు. పిన్నులు వాడొద్దు, తోపులాటలో గుచ్చుకుంటాయి. మీది ఎరుపు చీరైతే తెల్లదారంతో, లేత చీరైతే నల్లదారంతో కుట్టండి. జాతర అయ్యాక విప్పేటప్పుడు కంటికి ఇట్టే కనిపిస్తుంది. చీర మళ్ళీ చీరగానే బీరువాలోకి పోతుంది.

ప్రశ్న: కాలేజీ హాస్టల్లో ఉంటాను, మిషను లేదు. పాత జీన్సు ప్యాంటుతో సంచి చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. ఒక కాలు మోకాలి కిందికి కత్తిరించి అడుగు మూసెయ్యడమే. ముందుకు ఒక కుట్టు, వెనక్కి అర కుట్టు వేస్తూ పోయే చేతికుట్టు మిషను కుట్టంత గట్టిది. దారం రెండు పేటలు చేసి, కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. పక్క కుట్టు దగ్గర జీన్సు నాలుగైదు పొరలుంటుంది, అక్కడ సూది విరుగుతుంది. ఆ చోటు వదిలి పక్కనుంచి కుట్టు. వేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా తొడిగే చిన్న టోపీ) పెట్టుకోవడం మరిచిపోవద్దు. సెలవులకు ఇంటికి పోయి మిషను మీద కుట్టేట్టయితే 16 గానీ 18 గానీ నంబరు సూది వేసి, మందం వచ్చిన చోట కాలుతో తొక్కకుండా చక్రం చేత్తో తిప్పు.

ప్రశ్న: అమ్మా, మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. తిరుమల ఘాట్‌లో బస్సు నడిపేవారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ఖాకీ చొక్కాలు ఆరున్నాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా మా అమ్మ వాటిని తీసి మళ్ళీ లోపల పెట్టేస్తోంది. వాటిని ఏం చేస్తే బాగుంటుంది? నాకు కుట్టు పెద్దగా రాదు.

జవాబు: నాయనా, మీ అమ్మకు బొంత కుట్టి ఇవ్వు. కుట్టు రాకపోయినా నేర్చుకుంటూ కుట్టే పని అది. నిదానంగా కుడితే మూడు నెలలు పడుతుంది. పట్టనీ.

ఆరు చొక్కాల్లో ఒకటి పక్కన పెట్టెయ్. దాన్ని ముట్టుకోవద్దు. మిగతా ఐదింటి కుట్లు విప్పు. ముందు చేతులు, తర్వాత పక్కలు, తర్వాత భుజాలు. గుండీలన్నీ కోసి ఒక డబ్బాలో వెయ్యి. విప్పిన గుడ్డను ఇస్త్రీ చేసి, అట్టముక్కతో 9 అంగుళాల చతురస్రం చేసుకుని గీత గీసి కత్తిరించు. వీపు భాగంలో ఆరు, ముందు రెండు భాగాల్లో రెండేసి, చేతుల్లో ఒక్కొక్కటి, ఒక్కో చొక్కాకు 12 వస్తాయి. ఐదు చొక్కాలకు 60. నీకు కావలసినవి 54. అడ్డంగా ఆరు, నిలువుగా తొమ్మిది. చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతే ఒక్కో పలక 8 అంగుళాలు తేలుతుంది. బొంత నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు వస్తుంది. మనిషి నిండుగా కప్పుకోవచ్చు.

ఖాకీ ముదురూ లేతా కలిసి ఉంటుంది. స్టీరింగు పట్టుకున్నప్పుడు ఎండ పడిన చేతులు, భుజాలు వెలిసి ఉంటాయి, వీపు ముదురుగా ఉంటుంది. వాటిని ఒకటి విడిచి ఒకటి పేర్చు. వేరే రంగు గుడ్డ కలపొద్దు, ఖాకీలోనే కావలసినంత రంగుంది.

లోపల మీ అమ్మవే రెండు పాత నూలు చీరలు మడతలు వేసి పరుచు, అడుగున ఇంకొకటి. వేల ఉతుకులు చూసిన గుడ్డలవి, ఇక కుంచించుకోవు. మూడు పొరలూ నేల మీద పరిచి ముడతలు లేకుండా సాపు చేసి, మధ్య నుంచి అంచుల వైపుకు కచ్చా కుట్టు వెయ్యి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. తర్వాత లావు దారంతో, అంగుళానికి నాలుగైదు చొప్పున పరుగు కుట్టు, వరుసకు వరుసకు మధ్య రెండు వేళ్ళ ఎడం. చేతికి పొరలు ఎక్కువనిపిస్తే సూదికి కాస్త కొబ్బరినూనె రాయి. మొదటి నాలుగు వరుసలు వంకరగా పోతాయి, వాటిని విప్పొద్దు.

ఒక సంగతి. ఎడమ జేబు మీద ఇంకు మరకో, కాగితాలు, చిల్లర పెట్టి పెట్టి సాగిన గుర్తో తప్పకుండా ఉంటుంది. ఆ జేబును విప్పకుండా పలకలోనే ఉంచి కత్తిరించు. మరక పోగొట్టాలని ఏ మందూ రాయొద్దు. ఆ పలక తల వైపు రావాలా, గుండె మీదికి రావాలా అన్నది నువ్వు తేల్చొద్దు. పలకలన్నీ నేల మీద పేర్చి, కుట్టే ముందు మీ అమ్మను పిలిచి అడుగు.